మూడు పాయింట్ సున్నా మహిమ

అంకెలను గుడ్డిగా నమ్మకూడదని నేర్పే చదువు ఒకటుంది. అందులో సీటు కావాలంటే ముందు మీ అంకె ఎంతో చెప్పాలి.

ప్రభుత్వ విధానాలను గణాంకాలతో, కంప్యూటర్‌తో తూచి చూసే మాస్టర్స్ కోర్సులు అమెరికాలో చాలానే వెలిశాయి. షికాగో విశ్వవిద్యాలయంలో హారిస్ పాలసీ స్కూలూ కంప్యూటర్ సైన్స్ శాఖా కలిసి ఒకటి నడుపుతున్నాయి. జార్జ్‌టౌన్, కార్నెగీ మెలన్, ఎంఐటీ, ఎవరి దుకాణం వారిది. ఈ రంగంలో అందరి నోటా నలిగే మాట గుడ్‌హార్ట్ సూత్రం. కొలతే లక్ష్యమై కూర్చుంటే ఇక ఆ కొలత దేన్నీ సరిగ్గా కొలవదని దాని సారాంశం. బ్రిటన్ ఆర్థికవేత్త చార్లెస్ గుడ్‌హార్ట్ 1975లో ద్రవ్య విధానం గురించి చెప్పింది తర్వాత అన్ని రంగాలకూ పాకింది. నేరాల సంఖ్య తగ్గించమని పోలీస్ స్టేషన్ మీద ఒత్తిడి తెస్తే తగ్గేవి నేరాలు కావు, ఎఫ్ఐఆర్‌లు. తరగతిలో ఈ మాటకు తలాడించనివారుండరు. కానీ ఈ శ్రీరంగనీతులు అడ్మిషన్ల గది గుమ్మం దగ్గర ఆగిపోతాయి. అమెరికాలో చాలా గ్రాడ్యుయేట్ స్కూళ్లు డిగ్రీ గ్రేడుల సగటైన జీపీఏ నాలుగుకి మూడు ఉండాలని కనీస గీతగా పెట్టుకున్నాయి. గీత దగ్గర కాపలా కాస్తూనే, మేం మనిషిని సమగ్రంగా చూస్తాం అంటాయి.

ఆ అంకె ఎంత పవిత్రమైనదో చూద్దాం. ప్రిన్స్‌టన్ 2004లో 'ఏ' గ్రేడులు 35 శాతం దాటకూడదని పరిమితి పెట్టుకుంది, 2014లో ఎత్తేసింది. అంటే అదే క్యాంపస్‌లో, అదే తెలివితో చదివినా, పుట్టిన సంవత్సరాన్ని బట్టి ప్రతిభ మారుతుందన్నమాట. హార్వర్డ్‌లో మధ్యస్థ గ్రేడు ఏ మైనస్ అని 2013లో అక్కడి డీనే ఒప్పుకున్నారు. మన దగ్గర 60 శాతం వస్తే ఫస్ట్ క్లాస్, ఇంట్లో స్వీట్లు పంచుతారు. దాన్నే త్రైరాశికంలో పెడితే నాలుగుకి 2.4 తేలుతుంది. విమానం ఎక్కకముందే ఫస్ట్ క్లాస్ కుర్రాడు మొద్దబ్బాయి అయిపోతాడు.

ఇక పశ్చాత్తాపానికైనా చోటుందా అంటే, లెక్క కట్టి చూడండి. మూడేళ్లకు సగటు 2.6 ఉన్నవాడు బుద్ధి తెచ్చుకుని నాలుగో ఏడు దీక్షగా చదివాడనుకుందాం. మొత్తం 3.0 కావాలంటే ఆ ఏడాది అతనికి నాలుగుకి 4.2 రావాలి. నేరస్థుల సంస్కరణ మీద పేజీలకు పేజీలు రాసే శాస్త్రం పంతొమ్మిదేళ్లప్పుడు మెకానిక్స్‌లో తప్పినవాణ్ణి మాత్రం క్షమించదు.

అసలు వినోదం ఇంకొకటి. ఈ కోర్సులు కోరేది కాలిక్యులస్, గణాంకాలు, ప్రోగ్రామింగ్. మార్కులు రాల్చడానికి పిసినారితనం చూపేవీ అవే. కాబట్టి గణితం కోరే కోర్సులో సీటు కావాలంటే గణితానికి వీలైనంత దూరంగా ఉండి జీపీఏ కాపాడుకోవడమే తెలివైన పని. ప్రోత్సాహకాలు మనుషుల్ని ఎలా వంకర దారి పట్టిస్తాయో బోధించడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ వేరే ఊరి నుంచి తెచ్చుకోనక్కర్లేదు.

గీత ఉన్నచోట గీత దాటించే వ్యాపారమూ ఉంటుంది. హైదరాబాద్ అమీర్‌పేటలో దరఖాస్తు వ్యాసాలు రాసిపెట్టే దుకాణాలకు కొదవ లేదు. తక్కువ మార్కులకు సంజాయిషీ రాయాలంటే కష్టం ఒకటి కావాలి. మరీ పెద్ద కష్టమైతే మనిషి నిలబడడని భయపడతారు, మరీ చిన్నదైతే సాకు అంటారు. సరిగ్గా రెండు సెమిస్టర్లకు సరిపడా కష్టం, చివర్లో ఒక గుణపాఠం. దాని ముందు బాల్యంలో కరెంటు పోయిన రాత్రి పుట్టిన దేశసేవ కోరిక. వీటిని చదివి, ఈ పిల్లవాడిలో నిజాయితీ ఉంది అని మురిసిపోయే కమిటీకి గుడ్‌హార్ట్ సూత్రం మళ్లీ మొదటి నుంచి చెప్పాలి.

గీత కింద ఉన్నవాళ్లు నిజంగా చదవలేరా? వాళ్లను చేర్చుకోకుండా తెలిసేదెలా? ఎంపికైనవాళ్లను మాత్రమే చూసి తేల్చే లెక్క ఎలా తప్పుతుందో వివరించిన జేమ్స్ హెక్‌మన్‌కు 2000లో నోబెల్ వచ్చింది. ఆయన షికాగో విశ్వవిద్యాలయం ప్రొఫెసరే. హారిస్ స్కూలు నుంచి నడిచి వెళ్లి అడిగినా చెబుతారు.

అయ్యా కమిటీవారూ, పథకం పనిచేస్తుందో లేదో చూడ్డానికి ఊళ్ల మీద చేయించే ప్రయోగాన్ని ఒక్కసారి మీ మీద చేసుకోండి. గణితం వచ్చిన గీత కిందివాళ్లలో కొందరిని లాటరీ తీసి చేర్చుకుని, ఎకనామెట్రిక్స్‌లో వాళ్లకేం వచ్చిందో ప్రచురించండి. దరఖాస్తు పెట్టే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, కష్టాలు కొనుక్కోకండి. ఆ డబ్బుతో గణాంకాల కోర్సు ఒకటి మళ్లీ చదివి కొత్త గ్రేడు పంపండి, మీ జిల్లా రేషన్ లెక్కల మీద ఒక పని చేసి చూపండి. దాన్ని చదవకుండా పక్కన పడేసే స్కూలు పాలసీ నేర్పడానికి పనికిరాదు. దాని ఫీజు మీకు మిగిలినట్టే.