శుభలేఖ వెనక గ్రంథం: టీకా తాత్పర్య సహితం

మూలం

పెరుగు తోడేసినా. ఊరిబిండి గిన్నెలో ఉంది, ఈ పొద్దుకే. మాగిన టమాటాలు ముందు వాడండి. మోటారు ఆపేది మర్చిపోవద్దండి. పాలాయన వస్తే లెక్క ఇయ్యండి. పుంగనూరులో అమ్మను చూసి అట్నే కుప్పం పోతా. ఊరికే ఫోన్ చెయ్యద్దండి. ఆదివారం వస్తా.

అవతారిక

మదనపల్లెలో ఒక ఇంట్లో, గురువారం పొద్దున, ఫ్రిజ్ తలుపుకు అంటించి ఉండగా దొరికిన గద్యం ఇది. తాళపత్రం కాదు, ఎవరిదో పెళ్లి శుభలేఖ. ముందువైపు వధూవరుల పేర్లు, సుముహూర్తం, విందు వేళ. వెనకవైపు ఈ ఎనిమిది వాక్యాలు. పెళ్లిని, పెళ్లి వెనకాల ఉండేదాన్ని ఒకే ఆకు మీద చూపించే ప్రతి ఇంకెక్కడా దొరకదని నా నమ్మకం.

గ్రంథకర్త్రి పేరు చెప్పుకోలేదు. సంతకం లేదు, తేదీ లేదు, చివర 'ఇట్లు' కూడా లేదు. మూలన పసుపు వేలిముద్ర ఒకటి ఉంది. దాన్నిబట్టి ఇది ఈ వ్యాఖ్యాత భార్య కృతి అని నిర్ణయించాను. ఈ ఇంట్లో పసుపు డబ్బా ఎక్కడుందో తెలిసిన మనిషి ఇంకొకరు లేరు. కృతిపతి ఎవరన్న చర్చ అనవసరం. ఇంట్లో మిగిలింది నేనే.

కాళిదాసుకు సంజీవని రాసిన కోలాచలం మల్లినాథసూరి మన తెలుగువాడే. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ మాట ఇచ్చి మరీ మొదలుపెట్టాడు. ఆయన ముందర రఘువంశం, కుమారసంభవం, మేఘసందేశం ఉన్నాయి కాబట్టి ఆ నిష్ఠ చెల్లింది. నా ముందర ఎనిమిది వాక్యాలు, ఆదివారం దాకా ఖాళీ ఇల్లు ఉన్నాయి. అక్కర్లేనిది కూడా చెబుతాను.

దేశనిర్ణయం

కథాస్థలాలు మూడు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడక ముందు మదనపల్లె కడప జిల్లాలో ఉండేది. పుంగనూరు జమీందారీ, కుప్పం కేంద్రంగా నడిచిన కంగుంది జమీందారీ ఉత్తర ఆర్కాటు కింద ఉండేవి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు చీల్చినప్పుడు నేను అన్నమయ్య జిల్లాలో పడ్డాను, అత్తగారూ కొడుకూ చిత్తూరులో ఉండిపోయారు. గీతలు ఎవరు ఎక్కడ గీసినా కర్త్రికి పట్టదు. ఉత్తరాన మొగుడు, దక్షిణాన కొడుకు, నడుమ అమ్మ. ఆమె పటంలో ఉన్న ఊళ్లు ఇంతే.

పెరుగు తోడేసినా

పెరుగు = ఇంకా పెరుగు కాని పాలు. తోడేసినా = మీరు నిద్రపోయినాక వేసినా.

చీటీ రాసే వేళకు గిన్నెలో ఉన్నవి గోరువెచ్చని పాలే. కాబోయేదాన్ని కళ్లముందు ఉన్నట్టే చెప్పింది కాబట్టి ఇది భావికాలంకారం. మదనపల్లె సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉంది. చలికాలం ఇక్కడ పాలు ఒక పట్టాన తోడుకోవు. గిన్నెకు గుడ్డ చుట్టి బియ్యం డబ్బాలో పెట్టాలి. ఆ పని జరిగిందని మూలంలో లేదు, బియ్యం డబ్బాలో ఉంది. తోడు అంటే సహచర్యం అని ఇక్కడ శ్లేష తీసేవాళ్లు ఉంటారు. అది మరీ చేతికందే కాయ, వదిలేస్తున్నాను.

ఒక పక్షాంతరం మాత్రం చెప్పక తప్పదు. పుంగనూరు పెరుగు ముందర మదనపల్లె పెరుగు నిలవదని కర్త్రి మతం. దానికి ఆమె చూపే ప్రమాణం పుంగనూరు ఆవు. మూడడుగులు దాటని ఎత్తు, పాలల్లో వెన్న 8 శాతం దాకా. మామూలు ఆవుపాలల్లో అది మూడు నాలుగు శాతమే. అంతరించిపోతున్న ఆ జాతిని పలమనేరు పశుపరిశోధన కేంద్రంలో కాపాడుకుంటూ వచ్చారు. 2024 సంక్రాంతికి ప్రధానమంత్రి తన నివాసంలో ఆ ఆవులకు మేత పెడుతున్న ఫొటోలు వచ్చినాక దాని పేరు దేశమంతా పాకింది. ఇప్పుడు ధర లక్షల్లో చెబుతారు. అత్తగారింట్లో మాత్రం నాకు తెలిసి ఎప్పుడూ ఉన్నది ఎనుములే. ఈ మాట టీకలో రాయగలనుగానీ ఆమె ముందు ఎత్తలేను.

ఊరిబిండి గిన్నెలో ఉంది, ఈ పొద్దుకే

స్పష్టం. మూలం ముడిపడినచోటల్లా వ్యాఖ్యాతలు ఈ మాట రాసి దాటేస్తారని ఒక అపవాదు ఉంది. ఇక్కడ నిజంగానే స్పష్టం. చెనిక్కాయలు, ఎండుమిరపకాయలు, చింతపండు, ఎర్రగడ్డలు. సంగటిలోకి. సంగటి ఎవరు కెలుకుతారన్నది మాత్రం అస్పష్టం.

మాగిన టమాటాలు ముందు వాడండి

మాగిన = రేపటికి ఆగని. ముందు = గట్టివాటికన్నా ముందు. వాడండి = వాడుతారన్న ఆశ లేకపోయినా చెప్పడం నా ధర్మం.

మదనపల్లెవాడికి టమాటా గురించి వేరే చెప్పాలా? 2023 జులై నెలాఖరున ఇక్కడి మార్కెట్లో మేలురకం కిలో 200 రూపాయల దరిదాపులకు పోయింది. రైతులు తోటల్లో కాపలా పడుకున్నారు. ఉంగరం పోతే వెతకనివాళ్లు కూడా బుట్టలోంచి జారిన కాయ కోసం మంచం కింద వెతికారు. అదే మార్కెట్టు, ఇంకో ఏడాది, ఇంకో పంట. అడిగే దిక్కులేక, కోతకూలీ కూడా రాక, లోడు లోడంతా రోడ్డు పక్కన కుమ్మరించి పోయారు. ధర కొండెక్కినా గుంటలో పడినా, మా వంటింట్లో మాగినదాన్ని ముందు కోసే నియమం మారలేదు. మీమాంసకుల మాటలో చెబితే ఇది ఫలం ఆశించి చేసే కామ్యవిధి కాదు, సంధ్యావందనంలాగా నిత్యవిధి. మార్కెట్ కమిటీ దగ్గర ధరల పట్టిక ఉంటుంది. ఏ కాయ రేపటికి మెత్తబడుతుందో వేలితో నొక్కి చెప్పే పట్టిక కర్త్రి చేతిలో ఉంటుంది. బుట్టలో కాయల్ని ఆమె పేర్చిన వరస చూస్తే తెలిసింది. కింద గట్టివి, పైన మెత్తవి. చెయ్యి పెడితే మొదట తగిలేది వాడాల్సిందే. చీటీ చదవనివాడి కోసం రాసిన చీటీ అది.

ఇంకో విశేషం. తిండి వస్తువులన్నిటికీ ఆమె గడువు పెట్టింది. ఊరిబిండి ఈ పొద్దుకే, టమాటాలు ముందు. వ్యాఖ్యాతకు ఏ గడువూ పెట్టలేదు. నిలవ ఉండే సరుకు అనుకుందేమో.

మోటారు ఆపేది మర్చిపోవద్దండి

నిషేధవాక్యం. ప్రసక్తి లేనిదానికి నిషేధం ఉండదని శాస్త్రం. ఏ ప్రసక్తిని తలచుకుని ఇది రాసిందో పక్కింటివాళ్లకు తెలుసు. ముందుకు పోదాం.

పాలాయన వస్తే లెక్క ఇయ్యండి

లెక్క = డబ్బు. కృష్ణా, గుంటూరు పండితుడు ఎవరైనా ఇంట్లో ఉండుంటే ఖాతా పుస్తకం తెచ్చి చూపించేవాడు.

పుంగనూరులో అమ్మను చూసి అట్నే కుప్పం పోతా

అన్వయక్లేశం ఏమీ లేదు, క్లేశమంతా బస్సుల్లో ఉంది. 'అట్నే' అన్న రెండక్షరాల్లో పలమనేరు, వి.కోట, బస్టాండులో చూసే చూపులు, సంచుల బరువు ఇమిడిపోయాయి. గాగరలో సాగరం అని హిందీ పండితులు మురిసిపోయేది ఇలాంటిదాన్ని చూసే.

అమ్మను చూసి అనగా అమ్మ తల దువ్వి, కాళ్లకు నూనె రాసి, మాత్రల డబ్బా సర్ది, వదినతో మాటపట్టింపు ఉంటే అదీ సర్ది అని అర్థం. ఎనభై దాటిన ఆ పెద్దావిడ పుంగనూరు వదిలి రాదు. కుప్పం పోతా అనగా కోడలు బడికి పోయి వచ్చేదాకా మనమరాలిని చూసుకుని, రైలు దిగి వచ్చే కొడుక్కి రాత్రి మళ్లీ అన్నం వేడిచేస్తా అని అర్థం. వాడు చీకటితో రైలెక్కి బెంగళూరు పోతాడు, చీకటి పడినాక దిగుతాడు. చెన్నై, బెంగళూరు దారిలో ఉన్న స్టేషను కావడంతో కుప్పంలో ఇట్లాంటి రైలు సంసారాలు చాలా ఉన్నాయి. ఒకపక్క తమిళనాడు, ఒకపక్క కర్ణాటక. మనమరాలు పక్కింటి పిల్లలతో అరవంలో కొట్లాడి, ఇంటికొచ్చి తెలుగులో ఫిర్యాదు చేస్తుంది. 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయాన్ని అక్కడ పెట్టడంలో తప్పేమీ కనపడదు.

ఊరికే ఫోన్ చెయ్యద్దండి

ఈ గ్రంథానికి ప్రాణం ఇక్కడుంది. పూర్వపక్షాలు మూడు.

పాతకాలపువాళ్లు రోమింగు భయం అంటారు. కుప్పం పొలిమేరల్లో ఫోన్ పక్క రాష్ట్రం టవరు పట్టుకుని డబ్బులు తినే రోజులు పోయి ఏళ్లయింది. నిలవదు. అత్తగారు పగలు కునుకు తీస్తుంది కాబట్టి అని కొందరు. ఆమెకు వినపడదు, పిడుగు పడినా లేవదు. ఇదీ నిలవదు. ఉప్పు ఎక్కడుంది, చక్కెర ఎక్కడుంది అని గంటకోసారి అడుగుతానని కొడుకు పక్షం. ఇందులో కొంత సత్యం ఉందిగానీ, ఆ మాత్రానికి 'ఊరికే' అన్న విశేషణం అక్కర్లేదు. ఉప్పు కోసం చేసే ఫోన్ ఊరికే చేసేది కాదు కదా.

సిద్ధాంతం చెప్పేముందు ఊరి సంగతి కొంచెం చెప్పాలి. మదనపల్లెకు జనం ప్రశాంతత వెతుక్కుంటూ రావడం ఈనాటిది కాదు. 1860లలో కడప కలెక్టరు హార్స్లీ ఎండకు తాళలేక కొండమీద బంగళా కట్టుకున్నాడు, కొండకే ఆయన పేరు అంటుకుంది. 1915లో మొదలైన ఆరోగ్యవరం క్షయ ఆసుపత్రికి దూరదూరాల నుంచి రోగులు వచ్చి, సరైన మందులు లేని ఆ కాలంలో గాలి, తిండి, విశ్రాంతి నమ్ముకుని నెలల తరబడి మంచం మీద ఉండిపోయేవాళ్లు. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ టాగోర్ దివ్యజ్ఞాన కళాశాలలో విడిది చేసి, ఆ విరామంలోనే జనగణమనను ఇంగ్లీషులోకి మార్చుకున్నాడు. ఒంటరితనం వేరు, ఏకాంతం వేరు అని ప్రపంచమంతా తిరిగి చెప్పిన జిడ్డు కృష్ణమూర్తి పుట్టింది 1895లో, ఈ ఊళ్లోనే. తల్లికి ఎనిమిదో కాన్పు కాబట్టి ఆ పేరు పెట్టారు. అంతమంది పిల్లలున్న ఇంట్లో ఆ తల్లికి ఏకాంతం ఏ మూల దొరికిందో ఆయన జీవితచరిత్రలు చెప్పవు.

వీళ్లలో ఎవరి పెరుగు ఎవరు తోడేశారు? బంగళాకు వంటవాడు, ఆసుపత్రికి వంటశాల, కవికి ఆతిథ్యం. న్యాయానికి కృష్ణమూర్తి పేరు కాస్త విడిగా చెప్పాలి. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో కాలిఫోర్నియాలోని ఓహాయ్‌లో చిక్కుకుపోయినప్పుడు ఆవును సాకాడు, పాలు పితికాడు, కూరగాయలు పండించాడు. మిగతావాళ్ల ఏకాంతం వెనక వంటింట్లో ఇంకెవరో నిలబడి ఉన్నారు. సంసారం లేకుండా ఒంటరిగా బతికిన ఆడమనిషి ఈ చుట్టుపక్కల ఎవరైనా ఉన్నారా అని వెతికితే ఒక్కతే దొరికింది. హార్స్లీ కొండకు అంతకుముందున్న పేరు ఏనుగు మల్లమ్మ కొండ. ఏనుగులు సాకిన పిల్ల అని జనం కథ. కథ చెప్పినవాళ్లకు ఆమెనైనా ఒంటరిగా వదలబుద్ధి కాలేదు, ఏనుగుల్ని తెచ్చిపెట్టారు.

ఇక సిద్ధాంతం. కర్త్రి మదనపల్లెలో ఉంటే భార్య, పుంగనూరులో కూతురు, కుప్పంలో అమ్మ, అత్త, జేజి. మూడుచోట్లా తలుపు తీయగానే వంటింటి పనే ఎదురవుతుంది. ఆమె ఎవరికీ ఏమీ కాకుండా ఉండే చోటు ఒకటే మిగిలింది. పుంగనూరు నుంచి కుప్పం దాకా ఆర్టీసీ బస్సులో కిటికీ పక్క సీటు. అక్కడ టమాటా మాగదు, పాలు పొంగవు. టికెట్టు కొట్టినాక కండక్టరు కూడా పలకరించడు. ఆ కాసేపటి కోసం రాసిన రక్షాకవచం ఈ వాక్యం. 'చెయ్యద్దండి' అంటే సరిపోయేచోట 'ఊరికే' చేర్చడంలో ఆమె మర్యాద ఉంది. ఇల్లు తగలబడితే చెయ్యొచ్చు. నాకు తోచడం లేదు అని చెప్పడానికి మాత్రం చెయ్యకూడదు. నేను చేసే ఫోన్లలో ఎక్కువ భాగం రెండో రకానివని ఆమెకు తెలుసు. ఆనందవర్ధనుడు చెప్పిన వ్యంగ్యార్థం ఇంత పదునుగా, ఇంత మెత్తగా నేను ప్రబంధాల్లో చూడలేదు.

ఆదివారం వస్తా

పాఠభేదం ఉంది. చివరి అక్షరం మీద తడిచేత్తో పట్టుకున్న మరక. 'వస్తా' అనీ చదవచ్చు, 'వస్తే' అనీ చదవచ్చు. 'వస్తే' అయితే వాక్యానికి ఆకాంక్ష తీరదు. ఆదివారం వస్తే ఏమిటి? పండితులకు నిద్రపట్టని పాఠం అది, ఆ రాత్రి నాకూ పట్టలేదు. తెల్లారి అలమరలో రక్తపోటు మాత్రల అట్ట చూశాను. కత్తెరతో కత్తిరించి, సరిగ్గా ఆదివారం దాకా సరిపోయే మాత్రలు తీసుకుపోయింది. 'వస్తా' పాఠమే గ్రాహ్యం.

ప్రక్షిప్తం

ఈ టీక బల్ల మీద పెట్టి నిద్రపోయాను. సోమవారం పొద్దున చూస్తే అంచున పెన్సిలుతో ఈ వాక్యాలు చేరి ఉన్నాయి:

"పుంగనూరులో సీటు దొరకలా. పలమనేరు దాకా నిలబడే పోయినా. ఆడ కిటికీ పక్క దొరికింది. పక్కన ఒకామె, ఆమె ఒళ్లో మేకపిల్ల. వి.కోట దాకా నా కొంగు నములుతానే ఉండె. మా ఇంట్లో ఉండింది ఎనుములు కాదు, ఆవే."

సిద్ధాంతానికి అడ్డం వస్తోంది కాబట్టి దీన్ని ప్రక్షిప్తమని తోసేయాలని చూశాను. చేతిరాత మూలకర్త్రిదే. కొంగు పోగులు లేచిన చీర కూడా దండెం మీద ఉంది.