సిమెంటుకూ మనస్సాక్షి

డాక్టరుకు మనస్సాక్షి ఉంటుంది, రోగికీ ఉంటుంది. అమెరికాలో అయితే ఆసుపత్రి గోడలకు, లిఫ్టులకు కూడా ఉంటుంది. ముగ్గురికీ తగువొస్తే నెగ్గేది గోడే.

అక్కడి ఆసుపత్రి పడకల్లో సుమారు ఏడింట ఒకటి క్యాథలిక్ సంస్థలది. అక్కడ బిషప్పుల మండలి రాసిన నియమావళే వేదం. అందులో 53వ నియమం పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్‌ను నిషేధిస్తుంది. సిజేరియన్‌లో పొట్ట తెరిచే ఉంది, ట్యూబులు కళ్లెదుటే ఉన్నాయి, తల్లి అడిగింది, డాక్టరు సరేనన్నాడు. అయినా కుదరదు, కుట్లేసి పంపాల్సిందే. కావాలంటే ఆవిడ కోలుకున్నాక ఇంకో ఆసుపత్రిలో, ఇంకో మత్తుమందుతో, ఇంకో బిల్లుతో మళ్లీ కోయించుకోవచ్చు. ఆత్మ భారం బిషప్పులది, ఒంటి భారం ఆవిడది!

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల వివాహితల్లో దాదాపు 70 శాతం ఈ ఆపరేషన్ చేయించుకున్నవారే. రెండో కాన్పుతోపాటే అదీ అయిపోతుందనుకుని అమెరికాలోని ఆస్టిన్‌లో ఓ ఆసుపత్రిలో చేరే మన అమ్మాయికి బిషప్పుగారి సంగతి ఎవరు చెబుతారు? ఇలాంటి క్యాథలిక్ సంస్థల బోర్డు మీద అసెన్షన్ అనో, కామన్‌స్పిరిట్ అనో ఉంటుంది. అది యోగా కేంద్రమనుకున్నా తప్పులేదు.

1972లో మోంటానాలోని బిల్లింగ్స్‌లో ఒకావిడ ఇదే ఆపరేషన్ కోసం కోర్టుకెక్కింది. ఊళ్లో కాన్పులు చేసేది ఒకే ఒక్క క్యాథలిక్ ఆసుపత్రి. ఆపరేషన్‌ను అడ్డుకోవద్దని జడ్జి ఆదేశించాడు. మరుసటి ఏడే అమెరికా కాంగ్రెస్ చట్టం తెచ్చి ఆసుపత్రులను కాపాడింది: ప్రభుత్వ సొమ్ము తీసుకోవచ్చు, ఆపరేషన్ మాత్రం కాదనవచ్చు. తెచ్చిన సెనేటర్ ఇంటిపేరు చర్చ్. ఒట్టు, నేను కల్పించలేదు.

ఇంతకీ ఆ మనస్సాక్షి గోడదేనా? 2009లో ఫీనిక్స్‌లోని సెయింట్ జోసెఫ్స్ అనే క్యాథలిక్ ఆసుపత్రికి పదకొండు వారాల గర్భిణి వచ్చింది. ఊపిరితిత్తుల రక్తనాళాల్లో పీడనం పెరిగి ప్రాణం మీదికొచ్చింది. గర్భం తీసేస్తేనే తల్లి దక్కుతుందన్నారు డాక్టర్లు. ఆసుపత్రి నైతిక సంఘం ఒప్పుకుంది, అందులో ఒక సన్యాసిని కూడా ఉంది. తల్లి బతికింది. అక్కడి బిషప్ ఓల్మ్‌స్టెడ్ ఆ సన్యాసినికి వెలి పడిందని ప్రకటించాడు. 2010 డిసెంబరులో ఆసుపత్రికి క్యాథలిక్ హోదా తీసేసి, అక్కడి ప్రార్థనా మందిరంలో పూజ ఆపించాడు. ఆసుపత్రి తన మనస్సాక్షిని నిజంగా వాడుకున్నది ఆ ఒక్కసారే, దానికీ శిక్ష పడింది!

మనవడిని ఎత్తుకోవడానికి వీసా పట్టుకుని వెళ్లే అమ్మమ్మలూ, నానమ్మలూ! పచ్చళ్లు సర్దుకునేముందే అమ్మాయికి ఫోన్ చేయండి. "కాన్పుతోపాటు ఆపరేషన్ చేస్తారా, చేయరా?" అని ఆసుపత్రిని ఇప్పుడే అడిగి, జవాబు కాగితం మీద రాయించుకోమనండి.