తలకిందుల సలహాలు: నూజివీడులో గ్రీన్‌హౌస్ కిట్టు కొనాలనుకునేవారికి

గ్రీన్‌హౌస్ కిట్టు కొనాలా వద్దా అన్నది మే నెలలో, మధ్యాహ్నం రెండు గంటలప్పుడు, డాబా మీద నిలబడి తేల్చుకోండి. డిసెంబరులో తేల్చుకోవద్దు. డిసెంబరులో బంతి విరగబూస్తుంది, టమాటా గుత్తులు గుత్తులుగా కాస్తుంది, ఏ ఫొటో చూసినా కొనాలనే అనిపిస్తుంది. "బాబాయ్, నాలుగైదు వేలకే వస్తోంది, తీసేసుకోమంటారా?" అని పిల్లలు అడిగేదీ ఆ రోజుల్లోనే.

ఇక్కడ చెప్పబోయే సలహాలన్నీ ఇలాగే తలకిందులుగా వినిపిస్తాయి. కిట్టు పెట్టె మీద అచ్చేసిన సూచనలతో దాదాపు ప్రతిచోటా పేచీ పడతాయి. ఆ సూచనలు మంచు కురిసే దేశాల పెరళ్ల కోసం రాసినవి. అక్కడ మొక్కకు శత్రువు చలి. నూజివీడులో నడి చలికాలపు రాత్రి కూడా పదిహేను పదహారు డిగ్రీల కంటే కిందికి దిగడం అరుదు. మన మొక్కల్ని చంపేది ఎండ, ఈదురుగాలి, తెల్లదోమ, కోతి. ఈ నాలుగింటిలో ఒక్కదాన్ని కూడా పల్చటి ప్లాస్టిక్ గుడారం ఆపలేదు. మొదటిదాన్నయితే రెట్టింపు చేస్తుంది.

జపాన్‌లోని మియజాకిలో మామిడిని గ్రీన్‌హౌసుల్లోనే పండిస్తారు. చలికాలంలో లోపల హీటర్లు పెడతారు, పూత మీద వాన పడకుండా కాస్తారు, పండు తనంతట తాను తొడిమ నుంచి ఊడిపడేదాకా ప్రతి కాయకూ చిన్న వల కట్టి ఎదురుచూస్తారు. బరువు 350 గ్రాములకు, తీపి 15 బ్రిక్స్‌కు తగ్గని పండ్లనే ఏరి 'తైయో నో తమాగో' అనే పేరుతో అమ్ముతారు. అంత డబ్బు పోసి వాళ్లు ప్లాస్టిక్ కింద పుట్టించుకునే వేడి మన ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి తోటల్లో ఆరుబయటే ఉంది. మనవాళ్లు చిక్కం కట్టిన గడ పట్టుకుని కొమ్మ కిందికి వెళితే చాలు. ఉన్న వేడినే మళ్లీ కొనుక్కోవడానికి డబ్బు ఎందుకు ఖర్చుపెట్టాలి?

లెక్క వేసి చూద్దాం. నూజివీడు దాదాపు 16.8 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. అంటే మే మొదటి వారం దాటేసరికి మిట్టమధ్యాహ్నపు సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. అక్కణ్నుంచి కొంచెం ఉత్తరానికి జరిగి, ఆగస్టు మొదట్లో మళ్లీ నడినెత్తి మీదుగా వెనక్కి వెళతాడు. రెండు మీటర్లకు మూడు మీటర్లు ఉండే చిన్న కిట్టు ఆరు చదరపు మీటర్ల నేలను కప్పుతుంది. ఆ వేళ చదరపు మీటరుకు దాదాపు తొమ్మిది వందల వాట్ల ఎండ పడుతుంది. ప్లాస్టిక్ కొంత తిప్పికొట్టినా నాలుగు వేల వాట్లకు పైగా లోపలికి దిగుతుంది. వెయ్యి వాట్ల ఇస్త్రీ పెట్టెలు నాలుగు పెట్టి, అటూ ఇటూ జిప్పు వేసేసినట్టు. బయటే 43 డిగ్రీలు ఉన్న రోజున లోపల ఉన్న తోటకూర పరిస్థితి ఏమిటో ఊహించండి.

అందుకే రెండో సలహా: కిట్టు కొన్నా సరే, కవరు తీసి అటక మీద పెట్టండి. మీరు కొంటున్నది గొట్టాల కోసమే అనుకుని బేరం చూడండి. గొట్టం మందం ఎంత, జీఐ పూత ఉందా, కీళ్లు ప్లాస్టిక్‌వా ఇనుమువా, ఒక కీలు విరిగితే అదొక్కటే విడిగా దొరుకుతుందా అని అడగండి. కవరు గురించి అడగాల్సినవి రెండే: ఎన్ని మైక్రాన్లు, యూవీ పూత ఉందా. పొలాల్లో కట్టే పాలీహౌసులకు 200 మైక్రాన్ల యూవీ ఫిల్మ్ వాడతారు. చవక కిట్టు కవరు అంతకంటే బాగా పల్చగా ఉంటుంది, మన ఎండకు రెండు మూడు వేసవుల్లో అప్పడంలా పెళుసెక్కి ముక్కలవుతుంది.

గొట్టాల మీద యాభై శాతం నీడనిచ్చే షేడ్ నెట్ కప్పండి. మన దగ్గర గ్రీన్ నెట్ అంటే ఏ దుకాణంలోనైనా ఇస్తారు. ఆకుకూరలకు, నారుకు, ఇంట్లో పెంచుకునే పూలకు యాభై శాతం సరిపోతుంది. డెబ్భై అయిదు శాతానిది పచ్చగా, చల్లగా, ముచ్చటగా కనిపిస్తుంది కానీ దాని కింద మొక్కలు వెలుతురు కోసం సన్నగా సాగిపోతాయి. పక్కలు మూయకండి. గాలి ఆడితేనే నీడ పనిచేస్తుంది. ప్లాస్టిక్ సముద్రం అని పేరుపడిన స్పెయిన్‌లోని అల్మేరియాలో ముప్పై వేల హెక్టార్లకు పైగా గ్రీన్‌హౌసులున్నాయి. వేసవి వస్తే అక్కడి రైతులు పైకప్పు మీద సున్నపు పూత కొట్టి ఎండను తిప్పికొడతారు. ప్లాస్టిక్‌నే నమ్ముకుని బతికేవాళ్లు కూడా నీడ కోసం అంత పాటుపడుతుంటే, మనం ఎండను లోపలికి పిలవనక్కర్లేదు.

ఇంతకీ నీడ కింద సాగు మనకు కొత్తేమీ కాదు. తమలపాకు తోటల్లో ముందు అవిసె నాటి, అది ఎదిగాక దాని నీడన, దాని కాండం మీదకే తీగను పాకించడం కోస్తా రైతులకు తరతరాలుగా తెలిసిన విద్య. పెళ్లికి, చలివేంద్రానికి వేసే తాటాకు పందిరి కూడా అదే పని చేస్తుంది. నాలుగు సర్వీ బాదులు, జీఐ తీగ, పైన నెట్: ఇంతే ఖర్చుతో అయిపోయే ఇంటికి నేను కిట్టు సిఫారసు చెయ్యను. సగం మందికి పందిరే చాలు. చిన్నదానితో మొదలుపెడదాం, బాగుంటే పెద్దది కొందాం అనుకుంటారు చాలామంది. ఈ ఒక్క వస్తువు విషయంలో అది తప్పు లెక్క. లోపల గాలి ఎంత తక్కువుంటే అంత తొందరగా వేడెక్కుతుంది. మనిషి నిలబడలేనంత పొట్టి గుడారంలో వేడి గాలి పైకి లేవడానికి కూడా చోటుండదు. కొంటే ఎత్తైనది కొనండి, లేదా అసలు కొనకండి.

టమాటా కోసమైతే అస్సలు వద్దు. పగలు 35 డిగ్రీలు దాటితే టమాటా పుప్పొడి దెబ్బతింటుంది, పూత రాలుతుంది. రాత్రి కూడా చల్లబడకపోతే పిందె కట్టదు. మే నెల రాత్రులు మనకు ఎంత ఉక్కగా ఉంటాయో చెప్పక్కర్లేదు. వేసవిలో టమాటాకు సెలవివ్వండి, సెప్టెంబరు చివర్లో నారు పోయండి. బీర, సొర, కాకర, దోసలది ఇంకో చిక్కు. వీటి మగపువ్వు వేరు, ఆడపువ్వు వేరు. తేనెటీగో మరో పురుగో మోస్తే తప్ప పుప్పొడి చేరదు. నాలుగు వైపులా మూసిన కిట్టులో ఆడపువ్వులు వరసగా విచ్చుకుని, వరసగా పసుపెక్కి రాలిపోతాయి. మగపువ్వు కోసి ఆడపువ్వు మీద రాసే ఓపిక మీకుంటే అది వేరే సంగతి.

మూయాల్సిన మొక్క ఒకటుంది: నారు. మిరప, టమాటా నారుమడిని మొలక నుంచి నాటే రోజుదాకా నలభై మెష్ నైలాన్ వలతో కప్పితే, ఆకుముడత వైరస్‌ను మోసుకొచ్చే తెల్లదోమ లోపలికి రాలేదు. తామరపురుగు ఇంకా చిన్నది, దాన్ని ఈ వల పూర్తిగా ఆపలేదు. 2021-22లో నల్ల తామరపురుగు తెలుగు రాష్ట్రాల మిరప చేలను ఎలా తినేసిందో గుర్తున్నవాళ్లకు ఈ తేడా విడమర్చి చెప్పనక్కర్లేదు. ఇంటికి ఇంత కిట్టు అక్కర్లేదు. మంచమంత మడి, వంచిన నాలుగు వెదురు బద్దలు, పైన వల, చుట్టూ మట్టి ఎగదోయడం. ప్రోట్రేల్లో కొబ్బరిపొట్టు నింపి పోసినా అదే పద్ధతి.

కోతుల సంగతి ఒక్క మాటలో: ప్లాస్టిక్‌ను చింపుతాయి, షేడ్ నెట్‌ను కూడా చింపుతాయి, ఇనుప జల్లెడ అల్లిక ఒక్కటే ఆపుతుంది. మీ వీధిలో కోతులుంటే మీ డబ్బంతా ముందు దానికే పెట్టండి.

ఇక గాలి. కిట్టును గట్టిగా, కదలకుండా బిగించమని పెట్టె మీద ఉంటుంది. నేను విప్పడానికి వీలుగా కట్టమంటాను. గంటకు 72 కిలోమీటర్ల గాలి ఎదురుగా తగిలితే చదరపు మీటరు మీద పడే ఒత్తిడి దాదాపు 24 కిలోలు. ఆరు చదరపు మీటర్ల పక్కగోడకు నూట నలభై కిలోలు పైమాటే. మొత్తం కిట్టు బరువు అందులో చిన్న వంతే ఉంటుంది. మన ఏప్రిల్, మే నెలల ఈదురుగాలి కాయను నేలరాల్చి, పదిహేనేళ్ల చెట్టు కొమ్మను కూడా విరిచేస్తుంది. భవనాల గాలి ప్రమాణంలో విజయవాడకు పెట్టిన ప్రాథమిక వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు డాబాల మీది రేకులే నిలబడలేదు. అందుకని నెట్‌ను పురికొసతో జారుముడి వేసి కట్టండి. వాతావరణ శాఖ హెచ్చరిక రాగానే పది నిమిషాల్లో విప్పి చుట్టేసేలా ఉండాలి. బట్ట లేని గొట్టాల మధ్య నుంచి గాలి వెళ్లిపోతుంది. డాబా మీద అయితే గొట్టాల కాళ్లను సిమెంటు నింపిన డబ్బాల్లో దింపండి, పిట్టగోడకు కూడా తాడు వేయండి. ఎగిరిపోయిన కిట్టు మన నష్టంతో ఆగదు, పక్కింటివాళ్ల కరెంటు తీగల మీద పడుతుంది.

ఎక్కడ పెట్టాలి? బాగా ఎండ తగిలేచోట పెట్టమంటారు. పెరట్లో మామిడి చెట్టుంటే దానికి తూర్పు పక్కన పెట్టండి. ఉదయపు లేత ఎండ మొక్కకు అందుతుంది, సాయంత్రపు మాడ్చే ఎండను చెట్టు తన మీద వేసుకుంటుంది. సరిగ్గా కొమ్మల కిందికి మాత్రం జరపకండి. పూత కాలంలో తేనెమంచు పురుగు విసర్జించే జిగురు నెట్ మీద పడి, దాని మీద నల్లటి మసి పెరుగుతుంది, కడిగినా పోదు. రసాలు పండే రోజుల్లో పైనుంచి రాలే పండ్ల గురించి నూజివీడువాళ్లకు చెప్పేదేముంది!

కిట్టు మీద రాయితీ ఇప్పిస్తామని ఎవరైనా అంటే నమ్మకండి. కేంద్ర ఉద్యాన మిషన్ కింద ఇచ్చే సాయం రైతు పొలంలో నిబంధనల ప్రకారం కట్టే పాలీహౌసులకు, షేడ్‌నెట్ హౌసులకు.

ఇంత చెప్పాక, అటక మీద పెట్టించిన ఆ కవరుకు మన ఊళ్లో సిసలైన పని ఒకటుందని చెప్పకపోతే అన్యాయం. జులై, ఆగస్టు నెలల్లో టెంక అంటు కట్టడానికి. రసాలు తిన్నాక టెంకలు పారేయకుండా వెంటనే నాటండి. మామిడి టెంక నిలవుండదు, వారాలు గడిచేకొద్దీ మొలిచే శక్తి పోతుంది. మొలక వచ్చి ఆకులు ఇంకా రాగిరంగులో ఉండగానే, మీకు నచ్చిన చెట్టు నుంచి తెచ్చిన పుల్లను చీలికలో దింపి, ప్లాస్టిక్ పట్టీతో చుట్టాలి. పుల్ల కోయడానికి వారం పది రోజుల ముందే చెట్టు మీద ఉండగానే దాని ఆకులు తీసేస్తే మొగ్గలు ఉబ్బి సిద్ధంగా ఉంటాయి. కట్టాక పుల్ల ఎండకుండా రెండు మూడు వారాలు తేమ నిలవాలి. అందుకే అంటు కట్టేవాళ్లు ఒక్కో పుల్లకూ చిన్న ప్లాస్టిక్ తొడుగు తొడుగుతారు. మీ కవరు ఆ పనిని ఒకేసారి యాభై అంట్లకు చేస్తుంది. పైన షేడ్ నెట్, లోపల కవరు, నేల తడి, రోజూ కాసేపు ఒక వైపు పైకెత్తడం. చిగురు కనిపించాక కవరును ఒక్కసారిగా తీసేయకుండా సాయంత్రాలు కొంచెం కొంచెంగా తెరుస్తూ పోవాలి. పుల్ల ఎంపికలో సందేహముంటే డాక్టర్ వైఎస్సార్ ఉద్యాన విశ్వవిద్యాలయం వారి మామిడి పరిశోధన స్థానం నూజివీడులోనే ఉంది, వెళ్లి అడగండి.

మే నెలలో కూడా ఆ కవరుకు చోటుంది, మొక్కల పైన తప్ప. ఖాళీగా ఉన్న మడిని తవ్వి, గడ్డలు చిదిపి, నిండా నీళ్లు పెట్టండి. పారదర్శకమైన కవరును నేలకు ఆనేలా పరిచి అంచులన్నీ మట్టిలో పూడ్చండి. నాలుగు నుంచి ఆరు వారాలు అలాగే వదిలేయండి. ఏ వేడి తోటకూరను ఉడకబెట్టేదో ఆ వేడే పైమట్టిలోని నులిపురుగులను, వేరుకుళ్లు బూజులను, కలుపు గింజలను తగ్గిస్తుంది. తీశాక లోతుగా తవ్వకండి, అడుగున మిగిలిన గింజలు మళ్లీ పైకి వస్తాయి. పైపైన గీసి, తొలకరి పడ్డాక బెండ, గోరుచిక్కుడు విత్తుకోండి.