వ్యాగన్ 10070834627 ఆత్మకథ

బైలదిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని కిరండూల్ నుంచి విశాఖకు దించే ఈ వ్యాగన్‌కు ఊరూ పేరూ అన్నీ అంకెలే. పక్క రేకు మీద తెల్ల రంగుతో రాసి ఉంటుంది: 10070834627. నోటితో చదివితే వెయ్యి ఏడు కోట్ల ఎనిమిది లక్షల ముప్పై నాలుగు వేల ఆరు వందల ఇరవై ఏడు.

ఇంత పెద్ద సంఖ్యా 7తో శేషం లేకుండా పోతుంది. 3తో, 11తో పోదు. అదంతా కాకతాళీయం. వ్యాగన్ గర్వంగా చెప్పుకునే గుణం వేరే ఉంది. అది చివరనున్న 7లో ఉంది.

మొదటి రెండంకెలు వ్యాగన్ రకం చెబుతాయి. తర్వాతి రెండు అది ఏ రైల్వేదో, 08 అది 2008లో తయారైందనీ చెబుతాయి. 3462 వరస నంబరు. పదకొండోదైన 7 మాత్రం తనిఖీ అంకె. పదో అంకె దాకా సరి స్థానాల్లో ఉన్నవి 0, 7, 8, 4, 2. కూడితే 21, మూడు రెట్లు చేస్తే 63. బేసి స్థానాల్లోని 1, 0, 0, 3, 6 కలిపితే 10. మొత్తం 73. పై పదికి చేరాలంటే 7 కావాలి. అదే చివర చేరింది.

ఆ 7 విలువ అరకు దారిలో తెలుస్తుంది. 1960లలో జపాన్‌కు ఖనిజం పంపడం కోసం తూర్పు కనుమలను తొలిచి వేసిన లైన్ ఇది. 58 సొరంగాలు, సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తున శిమిలిగుడ, ఆపైన బొర్రా గుహల మీదుగా దిగుడు. అంతా దిగివచ్చేసరికి ఎర్ర దుమ్ము అంకెల మీద పేరుకుంటుంది. వ్యాగన్ నంబర్లు రాసుకునే ఉద్యోగి, నంబర్ టేకర్, కంటికి 3 కాస్తా 8 అయిందనుకుందాం. తనిఖీ అంకెతో కలిపి 80 రావాల్సిన మొత్తం 85 అవుతుంది. తప్పు బయటపడినట్టే.

ఏ ఒక్క అంకె మారినా ఇలాగే దొరికిపోతుంది. అంకెలో వచ్చే తేడా 1 నుంచి 9 దాకా ఏదైనా, దాన్ని 3తో హెచ్చించినా చివర సున్నా రాదు కదా!

అయితే పక్కపక్క అంకెలు తారుమారైతే మొత్తం వాటి తేడాకు రెండింతలే మారుతుంది. తేడా 5 అయితే మార్పు సరిగ్గా 10, లెక్కకు చిక్కదు. ఈ వ్యాగన్ నంబరులోనే 8, 3 పక్కపక్కన ఉన్నాయి. వాటిని అటూ ఇటూ చేసి 10070384627 అని రాస్తే మొత్తం 70 వస్తుంది, తనిఖీ ఒప్పేసుకుంటుంది. వ్యాగన్‌కు కాగితం మీద అయిదేళ్ల వయసు పెరిగి, 2003లో పుట్టినట్టవుతుంది.

ఈ లెక్క వ్యాగన్లకే పరిమితం కాదు. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన అరకు కాఫీని ప్యాకెట్లో కొంటే బార్‌కోడ్ కింద 13 అంకెలుంటాయి. మన దేశంలో నమోదైన సంస్థదైతే మొదట 890 కనిపిస్తుంది. ఎడమ నుంచి సరి స్థానాల్లోని వాటిని మూడు రెట్లు చేసి, మిగతావన్నీ కలపండి. ఇక్కడా మొత్తం చివర సున్నాయే వస్తుంది. పద్ధతి ఒకటే కాబట్టి, పక్కపక్కన 8, 3 తారుమారైతే ఈ లెక్కా పట్టుకోలేదు.