ముక్కల మాస్టారు

ట్యూషన్ సెంటరున్న ప్రతి వీధిలోనూ ఒక ముక్కల మాస్టారు ఉంటారు. పొడుగాటి ఇంగ్లీషు మాట కనబడితే ఆయన చెయ్యి ఊరుకోదు. బోర్డు మీద నిలువు గీతలు పడిపోతాయి. ‘టుగెదర్’ అంటే టు, గెట్, హర్. ‘లెఫ్టినెంట్’ అంటే అబద్ధం, నువ్వు, పది, చీమ. ‘అసాసినేషన్’ అయితే ఏకంగా ఊరేగింపే: ముందు గాడిద, వెనక ఇంకో గాడిద, ఆ వెనక నేను, నా వెనక దేశం. హత్యలోకి గాడిదలెందుకొచ్చాయో ఆయన చెప్పరు గాని, పరీక్షలో ఆ స్పెల్లింగు మాత్రం తప్పదు. నవ్వేవాళ్లు ఒకటి మరిచిపోతారు. తెలుగు రాతలో విరుపు దాదాపు అక్షరంలోనే ఉంది. ఇంగ్లీషు అక్షరాలు బారులు తీరతాయే తప్ప ఎక్కడ ఆగాలో చెప్పవు. బడిలో సంధులు విడదీసి మార్కులు తెచ్చుకున్న మనిషి ఆ బారును విరవబోవడంలో వింతేముంది?

మూలం తెలియకుండా నరకడం అపచారమని పండితులంటారు. ఆ మాటకొస్తే ఇంగ్లీషువాళ్లు చేసిందేమిటి? హెలికాప్టర్‌లో ఉన్నవి గ్రీకు ముక్కలు, ‘హెలికో’ మెలిక, ‘ప్టర్’ రెక్క. వాళ్లు ‘హెలి’ దగ్గరే తుంచి హెలిప్యాడ్ కట్టుకున్నారు. హాంబర్గ్ ఊరిపేరుతో వచ్చిన హాంబర్గర్‌ను ‘హామ్’ దగ్గర విరిచి చీజ్‌బర్గర్ పుట్టించారు. నోవా వెబ్‌స్టర్ సైతం 1783 నాటి స్పెల్లింగు పుస్తకంలో ఉచ్చారణను బట్టే మాటలు విరిచాడు. ఇంతమంది నరికాక తప్పంతా మన మాస్టారి సుద్దముక్కదేనా?

ఆయన బోల్తాపడేది వేరేచోట. పది చీమల దారిన వెళ్లిన పిల్లవాడు ‘లై-యు-టెన్-యాంట్’ అని నిబ్బరంగా చదివేస్తాడు. ఆ మాటను బ్రిటన్ సైనికుడు ఒకలా, అమెరికా సైనికుడు మరోలా పలుకుతారు. ఈ మూడో తీరు ఇద్దరికీ తెలియదు. పోనీ స్పెల్లింగైనా ఎప్పుడూ నిలుస్తుందా అంటే అదీ లేదు. అమెరికా జాతీయ స్పెల్లింగ్ బీలో మాట ఏ భాషదో అడిగే వీలుంది. ఆ ప్రశ్న ఊరికే పెట్టలేదు. 2024లో తెలుగు కుటుంబపు కుర్రాడు బృహత్ సోమ టైబ్రేకర్‌లో 90 సెకన్లలో 29 మాటలు సరిగ్గా చెప్పి గెలిచాడు. గెలిపించిన మాట ‘యాబ్‌సెయిల్’, తాడు పట్టుకుని కొండ దిగడం. జర్మన్‌లో మొదటి ముక్క కిందికి, రెండోది తాడు. మాస్టారైతే రెండో ముక్కలో పడవ తెరచాప వెతుక్కుని, అక్షరం తప్పి, ఆ తాడు మీంచే జారేవారు. అంతమాత్రాన పిల్లల్ని ట్యూషన్ మాన్పించనక్కర్లేదు. మాటల పుట్టుక చెప్పే డిక్షనరీ ఒకటి కొని మాస్టారి బల్లమీద పెట్టండి. విరవడం మాత్రం ఆయనకు ఎవరూ నేర్పనక్కర్లేదు.