కాలిపోయిన నాయకుడి పేరేమిటి సార్?

2018 జనవరి 10. ది హేగ్‌లో అమెరికా రాయబారి నివాసం. నెదర్లాండ్స్ రాజు విలెం అలెగ్జాండర్‌కు నియామక పత్రాలు సమర్పించిన రోజే కొత్త రాయబారి పీట్ హూక్‌స్ట్రా విలేకరులను పిలిచారు. రెండు దేశాల చిరకాల మైత్రి మీద నాలుగు తీపి మాటలు చెప్పి, కాఫీ ఇచ్చి పంపించేద్దామనుకున్నట్టున్నారు. వాళ్లేమో ఒకే ప్రశ్న పట్టుకుని కూర్చున్నారు. మా దేశంలో రాజకీయ నాయకులను తగలబెడుతున్నారని 2015లో తమరు సెలవిచ్చారు కదా, ఆ తగలబడిన నాయకుడెవరో చెప్పండి. జాబితా అక్కర్లేదు, ఒక్క పేరు చాలు.

పేరు రాలేదు. ఆ సంగతి మళ్లీ తవ్వదలచుకోలేదన్నారు. ఇంకొకరు అదే అడిగారు. తరువాతి వారూ అదే. ఒకాయన జాన్ ఆడమ్స్‌ను కూడా సాక్షిగా పిలిచాడు. శ్వేతసౌధం కప్పు కింద నిజాయతీపరులు, వివేకవంతులే ఏలాలని ఆ రెండో అధ్యక్షుడు 1800లో ప్రార్థించాడు. మరి తమరు ఆ కోవలోని వారే అయితే పేరైనా చెప్పండి, మాటైనా వెనక్కి తీసుకోండి అన్నాడు. ఆ ఆడమ్సే ఒకప్పుడు ఇదే దేశంలో రాయబారి. 1782లో అమెరికాకు డచ్చివాళ్ల గుర్తింపు సంపాదించిపెట్టినవాడు. హూక్‌స్ట్రా మాత్రం మౌనవ్రతం విడవలేదు. చివరికి ఎవరో అనేశారు: ఇది నెదర్లాండ్స్, ఇక్కడ అడిగినదానికి జవాబు చెప్పాలి.

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. దౌత్యశాఖలో చేరేవాళ్లకు ఇంతకంటే పెద్ద పాఠం అవసరం లేదు. కానీ అమెరికాలో ఆ శాఖకు రెండు గుమ్మాలున్నాయి. ఒకటి పరీక్షలు రాసి, భాషలు నేర్చుకుని, ఎండల్లోనూ చలిలోనూ ఊళ్లు తిరిగి, పాతికేళ్లకు పైకొచ్చే వాళ్లది. రెండోది ఎన్నికల్లో అధ్యక్షుడి పల్లకీ మోసినవాళ్లది. రాయబారి పదవుల్లో దాదాపు మూడోవంతు ఈ రెండో గుమ్మం వాళ్లకే పోవడం అక్కడ ఎప్పటి నుంచో ఆనవాయితీ. ఏ పార్టీ వచ్చినా అంతే. ఎన్నికల చందాలు చూసి రాయబారులను నియమించకూడదని 1980 నాటి ఫారిన్ సర్వీస్ చట్టంలో రాసుకున్నారు కూడా. పాపం, ఆ చట్టం! మనకు గవర్నరు బంగళాలు ఎలాగో వాళ్లకు యూరప్ రాజధానులు అలాగ.

హూక్‌స్ట్రా డబ్బు పోసి కొనుక్కున్న బాపతు కాదు, అది ఒప్పుకోవాలి. 2016లో మిషిగన్‌లో ట్రంప్ ప్రచారాన్ని భుజాన వేసుకున్నవాళ్లలో ఒకరు. ఆ రాష్ట్రం ట్రంప్‌కు దక్కింది 10,704 ఓట్ల తేడాతో. కూలి ముట్టవలసిందే. ముట్టజెప్పారు. పైగా చూపించడానికి చక్కని కారణం ఒకటుంది: ఆయన పుట్టింది నెదర్లాండ్స్‌లోనే, 1953లో, గ్రోనింగెన్ నగరంలో. మూడేళ్ల వయసులో తల్లిదండ్రులతో అమెరికా వెళ్లిపోయారు. పుట్టినగడ్డకు రాయబారిగా తిరిగి రావడమంటే సినిమా కథే. కాకపోతే మేనమామకు అమ్మ పుట్టింటి సంగతులు చెప్పినట్టు, డచ్చివాళ్లకు నెదర్లాండ్స్ గురించి చెప్పబోయారు. 2015లో ఒక సభలో ఆయన వర్ణించిన ఆ దేశంలో ముస్లింల వల్ల కార్లు తగలబడుతున్నాయి, నాయకులు తగలబడుతున్నారు, కొన్ని పేటల్లోకి కాలు పెట్టే దిక్కే లేదు.

ఇదేమిటని 2017 డిసెంబరులో డచ్ టీవీ నియూసూర్ విలేకరి అడిగితే, తాను అలా అననే లేదన్నారు. అది ‘ఫేక్ న్యూస్’ అన్నారు. వీడియో ఉంది. మాట ఆయనది, మొహం ఆయనది. అంతటితో ఆగినా సరిపోయేది. అదే ఇంటర్వ్యూలో కాసేపటికి, ఫేక్ న్యూస్ అని మీరే అన్నారు కదా అంటే, ఆ మాట కూడా అనలేదన్నారు! మన నాయకులు ఒక మాట అని, మర్నాడు పేపరు వాళ్లు వక్రీకరించారంటారు. కనీసం ఒక రాత్రి గడవనిస్తారు. ఈయనకు కెమెరా ఆపేదాకా కూడా ఓపిక లేదు.

అసలు ఆ విలేకరుల ముందు చరిత్ర తెలిసినవాడైతే గట్టెక్కి ఉండేవాడు. ది హేగ్‌లోనే 1672 ఆగస్టులో యోహాన్ డి విట్ అనే మహా రాజకీయవేత్తను, ఆయన అన్న కార్నెలిస్‌నూ జనం చంపేశారు. ఆ పేరు చెప్పి బయటపడవచ్చు. చిక్కేమిటంటే వాళ్లను తగలబెట్టలేదు, చంపి వేలాడదీశారు. చంపినవాళ్లు కూడా అచ్చంగా డచ్చివాళ్లే.

ఆ విలేకరుల సమావేశం జరిగిన రెండు రోజులకు హూక్‌స్ట్రా ఒక డచ్ పత్రిక ముందు తప్పు ఒప్పుకున్నారు. దేశాలను కలగాపులగం చేశానన్నారు. రాయబారి ఉద్యోగంలో ఏ దేశం ఏదో గుర్తుంచుకోవడం మరీ అంత చిన్న విషయమా?

ఈ నోటికి పాత చరిత్ర ఉంది. 1992లో మిషిగన్‌లో ఈయన తొలిసారి పోటీకి దిగింది గై వాండర్ జాగ్ట్ మీద. అప్పటికి ఆ పెద్దమనిషి కాంగ్రెస్‌లో కూర్చుని ఇరవై ఆరేళ్లు. పదవిలో మనుషులు పాతుకుపోకూడదన్నది హూక్‌స్ట్రా నినాదం. ప్రత్యర్థి గెలిచిన 1966 నాటి మోడల్ ర్యాంబ్లర్ కారు ఒకటి సంపాదించి ఊరేగారు, ఎంత పాతబడిపోయాడో చూడండని. నేనైతే పన్నెండేళ్లకు మించి ఉండనని మాటిచ్చారు. ఉన్నది పద్దెనిమిదేళ్లు. తన మీద పోటీకి కారు తోలుకుని ఎవరూ రాకపోవడం ఆయన అదృష్టం.

ఆ పద్దెనిమిదేళ్లలో కొంతకాలం ప్రతినిధుల సభ ఇంటెలిజెన్స్ కమిటీకి అధ్యక్షులు. దేశ రహస్యాలు తెలిసే కమిటీ. 2009 ఫిబ్రవరిలో, ఆ కమిటీలో రిపబ్లికన్లకు పెద్దగా ఉన్నప్పుడు, భద్రత కోసం గుట్టుగా ఉంచిన ప్రయాణంలో ఇరాక్ వెళ్లి, ఇప్పుడే బాగ్దాద్‌లో దిగానని ట్విటర్‌లో ప్రపంచానికి చాటారు. బ్లాక్‌బెర్రీకి సిగ్నల్ వచ్చిందన్న సంబరం ఆపుకోలేకపోయారు.

2010లో గవర్నరు పదవికి నిలబడితే సొంత పార్టీ ప్రైమరీలోనే పోయింది. 2012లో సెనేటర్ డెబీ స్టాబెనో మీద పోటీ. అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్ సూపర్ బౌల్ రోజున మిషిగన్ టీవీల్లో ఒక ప్రకటన వేయించారు. వరిపొలం గట్టు మీద సైకిల్ తొక్కుకుంటూ ఒక ఆసియా యువతి వస్తుంది. వచ్చీరాని ఇంగ్లీషులో, మీ ఆర్థిక వ్యవస్థ నీరసించింది, మీ ఉద్యోగాలు మాకొచ్చాయి, చాలా థాంక్స్ అంటుంది. ప్రకటన కోసం పెట్టిన వెబ్‌సైట్ కోడ్‌లో ఆ అమ్మాయి బొమ్మకు ‘ఎల్లోగర్ల్’ అని పేరు. ఇదేం పాడుబుద్ధి అంటే, పసుపు రంగు చొక్కా వేసుకుంది కదా అని ప్రచారవర్గం వివరణ. డెట్రాయిట్ చుట్టుపక్కల కార్ల కంపెనీల్లో పనిచేసే మన తెలుగువాళ్లు, వరిమడిలో అడ్డంగా నడిచి పెరిగినవాళ్లు, ఆ ఆదివారం టీవీ ముందు ఏమనుకున్నారో! స్టాబెనో ఇరవై శాతానికి పైగా తేడాతో గెలిచారు.

చూడండి లెక్క. మిషిగన్ రెండుసార్లు వద్దన్న నోరు. సొంత ఊళ్లో చెల్లని సరుకును విదేశాలకు ఎగుమతి చేసే వ్యాపారం ఇంకెక్కడైనా ఉందేమో నాకు తెలియదు. దౌత్యంలో ఉంది. పైగా ఒకసారి తిరిగొస్తే రెండోసారి పంపుతారు.

2025లో కెనడా పంపారు. ట్రంప్ ఆ దేశం మీద సుంకాలు వేసి, మా 51వ రాష్ట్రం అయిపోండని వెక్కిరించిన వేళ. కెనడావాళ్లు అమెరికా ప్రయాణాలు మానుకున్నారు, దుకాణాల అరల నుంచి అమెరికా మద్యం తీసేశారు. మీరు కటువుగా, దురుసుగా ప్రవర్తిస్తున్నారని అధ్యక్షుల వారు అనేది ఇందుకేనని రాయబారి గారు విడమరిచారు. అమెరికాతో బంధం మీద ఉత్సాహం చూపే కెనడావాళ్లు దొరకడమే కష్టంగా ఉందని నొచ్చుకున్నారు. అక్టోబరులో, సుంకాలకు వ్యతిరేకంగా మాజీ అధ్యక్షుడు రీగన్ ప్రసంగంతో ఒంటారియో ప్రభుత్వం టీవీ ప్రకటన వేస్తే, ఒటావాలో ఒక విందులో ఆ రాష్ట్ర వాణిజ్య ప్రతినిధిని పట్టుకుని నలుగురిలో బూతులు తిట్టారని అక్కడి పత్రికలు రాశాయి. ఒంటారియో ప్రీమియర్ డగ్ ఫోర్డ్ క్షమాపణ అడిగాడు. అడగాల్సింది ఒటావాలో కాదు, వాషింగ్టన్‌లో. ఈ నోటిని చూసే, ది హేగ్‌లో దాని పనితనం చూసిన తరువాతే, పంపారు మరి.