పానాల పెట్టె పురాణము

మనుష్యుని స్వభావమును తెలిసికొనుటకు జాతకచక్రము వేయించనక్కరలేదు, హస్తరేఖలు చూపించనక్కరలేదు. వాని పానాల పెట్టె మూత యెత్తి చూచిన చాలునని నా దృఢ విశ్వాసము. పుస్తకముల బీరువాను బట్టి పండితుని పాండిత్యమును నిర్ణయించుట అపాయకరము, ఏలయన కొన్న గ్రంథములన్నియు చదివిన గ్రంథములు కావు. పానాల పెట్టెలో అట్టి వంచన సాగదు. 14-15 పానా నోటియందలి అరుగుదలయు, సుత్తిపిడికి చుట్టిన నల్లటేపును, ఉలికి బదులుగా ఉపయోగింపబడిన స్క్రూడ్రైవరు నెత్తిమీది దెబ్బలును యజమానుని యోర్పును, కోపమును, ఆర్థికస్థితిని దాపరికము లేక వెల్లడించివేయును.

మా పెనుగొలను గంపలగూడెం మండలములోని గ్రామము. 2022 ఏప్రిల్ 4వ తేదీకి పూర్వము మేము కృష్ణా జిల్లా వారము, ఆ పిమ్మట ఎన్.టి.ఆర్. జిల్లా వారము, జిల్లా పేరు మారినను నట్టు తుప్పుపట్టు పద్ధతి మాత్రము మారలేదు. వరి, పత్తి, మిరప, మామిడి పండించు ఈ సీమలో దమ్ముకు రోటావేటరు, మందుకు స్ప్రేయరు, నీటికి మోటారు, అన్నిటికిని ట్రాక్టరు కావలెను గనుక, ప్రతి సేద్యగాడును విధిలేక సగము మెకానిక్కు. పెద్ద రోగము వచ్చినచో బండి విజయవాడ ఆటోనగరునకు పోవును. అచ్చట స్ప్రింగుకట్టల వాడు వేరు, రేడియేటరు వాడు వేరు, సెల్ఫు డైనమో వాడు వేరు. ఎవని విద్య వానిది, ఎవని పెట్టె వానిది. నడిమి తరగతి రోగమునకు తిరువూరు చాలును. మిగిలిన సమస్త వ్యాధులకును వేపచెట్టు క్రింద యజమానుడే వైద్యుడు, రేకుపెట్టెయే వైద్యశాల.

మాది ఐదరల పెట్టె. పిడులు రెండును చెరియొక వైపునకు లాగినచో పై అరలు మెట్లుమెట్లుగా విచ్చుకొని క్రింది పెద్ద అర ప్రత్యక్షమగును. పై అరలలో ఏది యున్నను లోకమునకు చూపవచ్చును. యజమానుని అంతరంగము మాత్రము క్రింది యరలోనే యుండును. గ్రీజులో ఊరిన వైసర్లు, సగము విరిగిన హాక్సా బ్లేడు, పన్ను అరిగిన ఆకురాయి, కాలిన స్పార్కుప్లగ్గు, ఏ యంత్రమునకు చెందినదో ఆ యంత్రము చేసినవాడు సైతము గుర్తుపట్టజాలని స్ప్రింగు ఒకటి, కాటరు పిన్నులు పొట్లము కట్టిన యొక శుభలేఖ. ఆ శుభలేఖలోని దంపతులకు పిల్లలు పుట్టి బడికి పోవుచున్నారు. పిన్నులు మాత్రము ఇంకను ఆ సుముహూర్తమునే వేచియున్నవి. స్ప్రింగును పారవేయరాదా యని ఇంటివారు అడుగుచుందురు. పారవేసిన మరునాడే దానితో పని పడునను భయము ఎట్టి భయమో పెట్టె గలవారికే తెలియును.

పానాలను సర్దు విషయమున లోకములో మూడు మతములు కలవు. మొదటిది అద్వైతము. ఈ మతస్థులకు నట్టు, బోల్టు, సాకెట్టు, సుత్తి అను భేదములు కేవలము అజ్ఞానజనితములు. సర్వమును ఒక్క గోనెసంచిలో వేసి మూతి బిగించుదురు. పని పడినపుడు సంచిని నేలమీద బోర్లించి, దేవులాడి, కావలసినది తప్ప తక్కినవన్నియు కనుగొని, తుదకు స్క్రూపానాతో పని కానిత్తురు. స్క్రూపానా అన్ని నట్లకును సరిపోవునన్నది నిజమే. అయినను దాని దవడ సడలి, ఆరు పలకల నట్టు గుండ్రని ముత్యముగా మారుటయు అంతే నిజము.

రెండవది ద్వైతము. అంగుళమును మిల్లీమీటరును ఎన్నటికిని కలియరానివని వీరి సిద్ధాంతము, దీనికి బలమైన చరిత్రాధారము కలదు. 1841లో ఇంగ్లండులో జోసెఫ్ విట్‌వర్త్ అను ఇంజనీరు, ఎవనికి తోచిన మర వాడు కోయుచున్న అరాచకమునకు విసిగి, 55 డిగ్రీల కోణముతో మరలన్నిటికిని ఒక ప్రమాణమును ప్రతిపాదించెను. ఆ ప్రమాణపు పానా మీది అంకె బోల్టు లావును చెప్పును గాని నట్టు వెడల్పును చెప్పదు. కావున అర్ధాంగుళమని ముద్ర గల విట్‌వర్త్ పానా నోరు అర్ధాంగుళము కంటె చాల పెద్దది. తరువాత వచ్చిన మరియొక సంప్రదాయములో అదే అర్ధాంగుళము నట్టు పలకకును పలకకును నడుమ దూరము. ఒకే ముద్ర, రెండు నోళ్ళు! అటుపై 1956లో మన ప్రభుత్వము తూనికలు కొలతల చట్టము చేసి మెట్రిక్ పద్ధతిని ప్రవేశపెట్టగా కాగితముమీద అంగుళము గతించెను. పాత ఆయిలింజన్ల నట్లు ఆ చట్టమును చదువుకొనలేదు. అర్ధాంగుళమనగా 12.7 మిల్లీమీటర్లు. దానికి 13 నంబరు సాకెట్టు తొడిగినచో పట్టినట్లే పట్టి, బలము పెట్టు క్షణమున జారి, నట్టు అంచులను కొరికి, మన వ్రేళ్ళ కణుపులను ఛాసీకి సమర్పించును. ముప్పావంగుళము 19.05, ఇది 19 నంబరుతో దాదాపు ఏకదేహముగా సంసారము చేయును. ద్వైతులు ఇట్టి వర్ణసంకరమును సహింపక అంగుళములకు ఎర్రరంగును, మిల్లీమీటర్లకు తెల్లరంగును పూసి వేర్వేరు అరలలో కాపురము పెట్టింతురు.

పాపము, వారికి సాకెట్టు వెనుకవైపు చూపరాదు. ముందువైపు మిల్లీమీటరు చెక్కియున్న సాకెట్టునకైనను, పిడి దూరు వెనుకవైపు చదరపు రంధ్రము పావంగుళమో, మూడెనిమిదవ వంతో, అర్ధాంగుళమో అయియుండును. అంగుళమును ఎన్నడో పరిత్యజించిన దేశములలో సైతము ఇదియే యాచారము. ముందు వాకిట వెళ్ళగొట్టబడిన అంగుళము పెరటి వాకిట ప్రవేశించి నడియింట కూర్చున్నదన్నమాట.

మూడవది విశిష్టాద్వైతము, నేను ఈ మతస్థుడను. పెట్టె ఒక్కటే, అందు జీవులు అనేకములు. ప్రతి జీవికిని తన స్థానము, తన కర్తవ్యము కలవు. సంఖ్యాక్రమమున పేర్చుట కంటికి ఇంపుగా నుండును గాని పనికి అక్కరకు రాదు. పానాల వంశవృక్షము 6-7, 8-9, 10-11 అని జంటజంటలుగా 18-19 వరకు చక్కగా సాగి, అటుపై 20 పోయి 22ను వరించుటచేత, మిగిలిపోయిన 21 వెళ్ళి 23తో జతకట్టెను. అంకెలే ఇట్లు క్రమము తప్పినపుడు అంకెల క్రమమును నమ్ముకొనుట యెట్లు? కావున పనిని బట్టి సర్దవలెను. బ్యాటరీ పనికి కావలసిన 10, కల్టివేటరు నాగళ్ళకు కావలసిన పెద్ద పానాలు, మోటారు విప్పుటకు కావలసిన స్క్రూడ్రైవరు, టెస్టరు, కటింగు ప్లయరు, ఇట్లు ఒక్కొక్క కార్యమునకు ఒక్కొక్క పరివారము. నిత్యము వాడునవి పై అరలో, బరువైనవి అడుగున. ఆకురాళ్ళను ఒకదానిమీద ఒకటి పడవేయరాదు, పండ్లు మొద్దుబారును. కొలతసాధనములు సుత్తికి దూరముగా నుండవలెను. సున్నితమైన లెక్కలు మోటు మనుష్యుల సాంగత్యమున చెడును. పని ముగిసిన పిమ్మట కిరసనాయిలుతో కడిగి, బనీను వేస్టుతో తుడిచి, నూనెచేయి రాచి పెట్టినచో వానకాలములోనైనను తుప్పు దరిచేరదు.

ఇట్లు సర్దిన పెట్టెలోనుండియు నిలువక పోవునది 10 నంబరు సాకెట్టు. ఇది పెనుగొలను వారి ప్రారబ్ధము మాత్రమే కాదు. ప్రపంచమునందలి మెకానిక్కులందరికిని ఉమ్మడి దుఃఖము. ఇందులో మాయ యేమియు లేదు. 6 మిల్లీమీటర్ల బోల్టునకు సాధారణముగా తల 10 మిల్లీమీటర్లుండును. అట్టి బోల్టులు బ్యాటరీ కొసలకు, మూతలకు, బిగింపులకు, వైర్ల పట్టీలకు సర్వత్ర కలవు. అన్నిటికంటె ఎక్కువగా చేత పట్టబడునది అన్నిటికంటె ఎక్కువగా ఎచ్చటనో పెట్టబడుటయు సహజమే గదా! ఆపైన అది చిన్నది, గుండ్రనిది. దొరలుటకు అన్ని యర్హతలును గలది. ఇంజను సందులోనికి జారి, ఏ మూలనో ఇరుక్కొని, మరియొక కొత్తది కొన్ననాటి సాయంకాలము రోడ్డుమీద ఠంగున రాలును.

దొరలిపోవునవి కొన్నియే, నడిచిపోవునవి అనేకము. ఎరువుల సొమ్ము బరువుల చేటని పెద్దలు అనిరి. ఆ చేటు ఎవరికన్నది మాత్రము వారు చెప్పలేదు. ఇచ్చినవానికేనని నా యనుభవము. ఉదయము కాఫీగ్లాసు చేత పట్టుకొందునో లేదో, తమ్ముని వరుసవాని కొడుకు ప్రహరీ మీదుగా తల పెట్టును.

“పెదనాన్నా, పది నంబరు సాకెట్టు ఒక్కసారియ్యి. ఇప్పుడే తెచ్చిస్తా.”

“మొన్న పట్టుకెళ్ళిన పన్నెండు పదమూడు పానా ఏదిరా?”

“అది మా బావ తీసుకెళ్ళాడు పెదనాన్నా. మధిరలోనే ఉంటాడుగా, పండక్కి వచ్చేటప్పుడు తెస్తాడులే!”

మధిర మాకు దగ్గరి ఊరే కాని 2014 జూన్ 2వ తేదీనుండి అది వేరు రాష్ట్రము. పునర్విభజన చట్టమునకు చేర్చిన 9వ, 10వ షెడ్యూళ్ళలో గొప్ప గొప్ప సంస్థల పేర్లు వ్రాసి, వాని పంపకమునకై పెద్దలు ఏండ్ల తరబడి కూర్చుండిరి. నా పానా పేరు ఏ షెడ్యూలులోను లేదు. ఏ కమిటీ యెదుట మొరపెట్టుకొందును?

ఎరువుకు వచ్చువారిలోను భేదములు కలవు. కొందరు 14 అడిగి, అది సరిపడక 13కు, మరల 15కు వచ్చి, తుదకు పెట్టెనే మోసికొనిపోవుదురు. కొందరు తీసికొన్నది తెత్తురు గాని తీసికొన్నట్లు తేరు. స్క్రూడ్రైవరు పోయి ఉలియై వచ్చును. మరికొందరు కొంత కాలమైన పిమ్మట ఆ పానాను మనకే ఎరువిచ్చి, “జాగ్రత్త బాబాయ్, మళ్ళీ ఇచ్చెయ్యాలి సుమా” అని హెచ్చరింతురు. ఇందుకై పుస్తకము పెట్టి సంతకము చేయుమన్నచో “మనలో మనకు సంతకాలేమిటి?” అని నొచ్చుకొందురు. బంధుత్వము చెడకుండ పానా నిలుపుకొనుట భారతదేశములో ఇంకను ఎవరును పరిష్కరింపని సమస్య.

కర్మాగారముల వారు దీనికొక యుపాయము కనిపెట్టినారు. గోడపలకమీద ప్రతి పనిముట్టు ఆకారమును రంగుతో గీసి, దానిమీదనే దానిని తగిలింతురు. వస్తువు లేనపుడు ఆకారము మిగిలి, ఏది పోయినదో చూపించును. జపానువారు దీనిని “ఐదు ఎస్”లను శాస్త్రములో నొక యంగముగా చేసిరి. విమానములు మరమ్మతు చేయుచోట పనిముట్లన్నియు లెక్కకు వచ్చినగాని విమానమును కదలనీయరు. ఇంజనులో మరచిన సాకెట్టు ఆకాశమున ఎంత యుపద్రవము తెచ్చునో ఊహింపవచ్చును. నేనును వేపచెక్కను చిత్రిక పట్టించి, సాకెట్లకు మాత్రము అంకెల వరుసనే పాటించి కర్రమేకులు దిగగొట్టి, ఒక్కొక్కదానికి ఒక్కొక్క సాకెట్టు తొడిగి, క్రింద తెల్లరంగుతో అంకెలు వ్రాసి, పెట్టెలో అమర్చితిని. ఇపుడు పెట్టె తెరచిన వెంటనే 8, 9, తరువాత బోడిమేకు, తరువాత 11. ఆ బోడిమేకు ఊడిన పన్నువలె మొగమంతటిలోను ముందుగా అదే కంటబడును.

మా పనిముట్లన్నియు ఒక్కచోట చేరు దినము సంవత్సరమునకు ఒక్కటే కలదు, అది దసరా. ఆయుధపూజకై కడిగి, పసుపు కుంకుమలు పెట్టి పీటమీద వరుసగా పేర్చునపుడు లోట్లన్నియు బయటపడును. ఆనాడు నాకు జమ్మిచెట్టు మీద మిక్కిలి భక్తి కలుగును. పనిముట్ల పెట్టెలలో దానికి మించినది పుట్టలేదు. పాండవులు అజ్ఞాతవాసమునకు పోవుచు తమ ఆయుధములన్నిటిని దానిపై భద్రపరచి, ఎవరును దరిచేరకుండ ఒక శవమును కట్టిపోయిరి. వత్సరము గడచిన పిమ్మట ఉత్తరుడు చెట్టెక్కగా, ఏ ధనుస్సు ఎవరిదో, ఏ ఖడ్గము ఎవరిదో అర్జునుడు తడబడక చెప్పెను. ఒక్కటియు లెక్క తప్పలేదు. “గాండీవము ఒక్కసారియ్యి బాబాయ్, ఇప్పుడే తెచ్చిస్తా” అనువాడు విరాటనగరములో లేకుండుట పాండవుల పుణ్యము. ఉన్నచో కురుక్షేత్రము జరిగెడిది కాదు.

కావున నా తీర్పు ఇది. పెట్టెను సర్దుట ఉన్నవానిని చూచి మురియుటకు గాదు, లేనిది వెంటనే తెలియుటకు. ఎన్ని అరలున్నను, ఎంత ఖరీదైన ఉక్కైనను, తీసినది తీసినచోట పెట్టని చేతికి ఏ పెట్టెయు సాయపడదు. చదువరులారా, మీరు పెట్టె గలవారైనచో ప్రతి సాకెట్టునకు ఒక మేకు కొట్టుకొనుడు. పెట్టె లేనివారైనచో మీ ఇంటి అటకమీదను, స్కూటరు డిక్కీలోను, కుట్టుమిషను సొరుగులోను ఒక్కసారి వెదకుడు. పరులదైన పానా యొకటి దొరకక మానదు. దానిని దసరాకు ముందే ఇచ్చివేయుడు. ఎవరును ఏమియు అడుగరు. అది 10 నంబరు సాకెట్టైనచో కాఫీ కూడ ఇత్తురు.